బీటీ పత్తి లెక్క: జన్యువు మిగిల్చిందెంత, ప్యాకెట్టు పట్టుకుపోయిందెంత

2005 ఖరీఫ్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్టు దాదాపు 1,850 రూపాయలు. అందులో సుమారు 1,250 రూపాయలు ఆ గింజలో ఉన్న ఒకే ఒక్క జన్యువు కోసం వసూలు చేసిన టెక్నాలజీ ఫీజు. మరుసటి ఏడాది అదే ప్యాకెట్టు 750కి అమ్మారు. అమ్మకాలు ఆగలేదు సరికదా ఇంకా పెరిగాయి. జన్యుమార్పిడి పంటల మీద మన దగ్గర ఎప్పుడు చర్చ జరిగినా ఒక వర్గం అవి విషం అంటుంది, ఇంకో వర్గం అవి లేకపోతే ఆకలి తీరదు అంటుంది. ఈ రెండు అరుపుల మధ్య రైతు జేబుకు సంబంధించిన ప్రశ్నలు నలిగిపోతాయి: ఆ జన్యువు వల్ల మిగిలిన డబ్బు ఎంత, అందులో ఎవరి వాటా ఎంత, అది ఎన్నేళ్లు మిగిలింది, పంట పోతే నష్టం ఎవరి మీద పడింది. పేద దేశాల్లో ఈ పంటల ఆర్థికం అర్థం కావాలంటే మన పత్తి కంటే మంచి ఉదాహరణ దొరకదు, ఎందుకంటే ఇరవై ఏళ్లకు పైగా మన కళ్ల ముందే నడిచిన కథ ఇది.

ముందు ఆ జన్యువు చేసే పనేమిటో చూద్దాం. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ (పొట్టిగా బీటీ) అనే బాక్టీరియా నుంచి తీసుకుని పత్తి మొక్కలో పెట్టారు. దానితో మొక్క తనే ఒక ప్రోటీన్ తయారు చేసుకుంటుంది, ఆ ఆకునో గూడనో (పూమొగ్గ) కాయనో కొరికిన శనగపచ్చ పురుగు, గులాబీ పురుగు చచ్చిపోతాయి. మొక్కకు కాసే శక్తిని అది పెంచదు, పురుగు తినేసే దాన్ని మిగులుస్తుంది, అంతే. కాబట్టి పురుగు ఉధృతంగా వచ్చిన ఏడాది దాని విలువ చాలా ఎక్కువ, పురుగు పెద్దగా రాని ఏడాది దాదాపు సున్నా. కానీ ఫీజు మాత్రం జూన్‌లోనే, పురుగు వస్తుందో రాదో తెలియకముందే కట్టేయాలి. ఒకరకంగా ఇది బీమా ప్రీమియం, అదీ రెండు మూడు రకాల పురుగుల మీద మాత్రమే పనిచేసే బీమా. వాన పడకపోతే దాని సాయం ఉండదు, పచ్చదోమ, తెల్లదోమ వచ్చినా ఉండదు. వర్షాధారపు చెలకల్లో తొలకరి చూసి గింజ పెట్టాక వాన మొహం చాటేస్తే మొలక ఎండిపోతుంది, మళ్లీ ప్యాకెట్లు కొనాలి, ఒక్కో ఏడాది మూడోసారి కూడా. అంటే పురుగు ముఖం చూడకముందే ఆ ఫీజు రెండు మూడు సార్లు కట్టినట్టు. నీటి వసతి ఉన్న రైతుకీ లేని రైతుకీ ఒకే గింజ వేరే వేరే ధర పడటం అంటే ఇదే, ఈ సంగతి సగటు లెక్కల్లో కనిపించదు.

2002 మార్చి 26న కేంద్రం మొదటిసారి మూడు బీటీ హైబ్రిడ్లకు (రెండు రకాల్ని సంకరం చేసి తీసిన గింజలు) అనుమతి ఇచ్చింది: మెక్-12, మెక్-162, మెక్-184. మన విత్తన కంపెనీ మహికో, అమెరికా కంపెనీ మోన్‌శాంటో కలిసి పెట్టిన కంపెనీ టెక్నాలజీ అది. ఆ గింజల్లో జన్యువు ఉంది, కానీ దాన్ని పెట్టిన హైబ్రిడ్లు మన నేలలకు, మన వానలకు సరిపోలేదు. మొదటి ఏడాదే వరంగల్ జిల్లాలో చాలామంది దెబ్బతిన్నారు, ఆ ఏడాది వానలు కూడా లేవు. 2005లో ఆ మూడింటినీ ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకుండా ఆపేశారు. ఇదే సమయంలో గుజరాత్‌లో నవభారత్-151 అనే గింజ, అనుమతే లేకుండా అదే జన్యువుతో, వేల ఎకరాల్లో బ్రహ్మాండంగా కాసింది. 2001లో శనగపచ్చ పురుగు మిగతా పత్తినంతా తినేసినప్పుడు ఆ చేలు మాత్రం పచ్చగా నిలబడటంతోనే దాని గుట్టు బయటపడింది. జన్యువు ఒకటే, ఫలితాలు మాత్రం రెండు రకాలు. జన్యువును ఏ రకంలో పెట్టారు, ఆ రకం ఏ నేలకు పనికొస్తుంది అన్నదాన్ని పక్కన పెట్టి "బీటీ ఫెయిలైంది", "బీటీ హిట్టైంది" అని తీర్పు చెప్పేవాళ్లని నేను నమ్మను.

ధర మీద పోరాటం మన రాష్ట్రం నుంచే మొదలైంది, దీనికి మనం గర్వపడాలి. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ తలుపు తట్టింది. ఇదే టెక్నాలజీకి వేరే దేశాల రైతులు కట్టేదానికి ఎన్నో రెట్లు మన రైతు దగ్గర గుంజుతున్నారన్నది వాదన. మే నెలలో ఫీజు తగ్గించమని కమిషన్ ఆదేశించింది, ఆ వెంటనే ప్రభుత్వం ప్యాకెట్టుకి 750 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్లినా స్టే రాలేదు. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి, 2007లో మనం ఏకంగా పత్తి విత్తనాల ధరల చట్టమే చేసుకున్నాం. తరవాత 2015 చివర్లో కేంద్రం ధరలు తన చేతిలోకి తీసుకుంది, 2016లో రెండు జన్యువులున్న కొత్త తరం బీటీ, అంటే బోల్‌గార్డ్-2 ప్యాకెట్టుకి 800, అందులో ఫీజు 49 రూపాయలు. ఆ 49 కాస్తా 39 అయి, 20 అయి, 2020 నాటికి పూర్తిగా పోయింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మొదటి తరం బోల్‌గార్డ్ జన్యువుకి మన దేశంలో పేటెంటే లేదు. పేటెంటు లేకుండానే ప్యాకెట్టుకి 1,250 వసూలు చేయగలిగారంటే ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో అడగాలి. పోటీగా ఇంకో జన్యువు మార్కెట్లో లేదు, పైగా గింజ హైబ్రిడ్.

ఈ హైబ్రిడ్ విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నా దృష్టిలో మొత్తం చిక్కుముడి ఇక్కడే ఉంది. చైనాలో, బ్రెజిల్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో బీటీ జన్యువు చాలావరకు సాధారణ రకాల్లో ఉంటుంది. మన దగ్గర దాదాపు మొత్తం హైబ్రిడ్లే. హైబ్రిడ్ గింజను దాచుకుని మరుసటి ఏడాది వేస్తే పంట ఒకేలా రాదు, అందుకని రైతు ఏటా దుకాణానికి వెళ్లాల్సిందే. కంపెనీకి కోర్టు, పేటెంటు అవసరం లేకుండానే ఫీజు వసూలు గ్యారంటీ. పైగా హైబ్రిడ్ గింజ తయారీ అంతా చేతి పని. గద్వాల వైపు, నంద్యాల వైపు సీడ్ పత్తి చేలలో చూస్తే తెలుస్తుంది: సాయంత్రం పూట కూలీలు సాలు సాలు తిరిగి, మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొక్క మొగ్గని గోటితో చీల్చి, లోపలున్న పుప్పొడి గొట్టాన్ని మొత్తం ఒలిచేస్తారు. పొద్దున్నే మగ మొక్క పువ్వు కోసుకొచ్చి ఆ కీలాగ్రానికి ఒక్కోదానికీ రుద్దుతారు. పువ్వు పువ్వుకీ ఇదే, రోజుల తరబడి. చిన్న వేళ్లైతే మొగ్గ పాడవదని ఏళ్లపాటు ఆడపిల్లల్ని బడి మాన్పించి ఈ పనికి పెట్టారు, దీని మీద ఎంతో పోరాటం జరిగింది. ఇంత కూలి పడిన గింజ ఖరీదైనది కాబట్టి రైతు దాన్ని ఎడంగా వేస్తాడు. ఎడంగా వేస్తే ఎకరానికి మొక్కలు తక్కువ, ఆ తక్కువ మొక్కల మీదే కాయలన్నీ రావాలంటే పంట ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం నిలబడాలి. దగ్గర దగ్గరగా వేసి ఐదు నెలల్లో చేను ఖాళీ చేసే దేశాల్లో హెక్టారుకి మనకంటే రెండు, మూడు, చైనాలోనైతే నాలుగు రెట్ల దూది వస్తోంది.

ఇక దిగుబడి లెక్కలు. 2001-02లో మన దేశ సగటు హెక్టారుకి సుమారు 300 కిలోల దూది, 2007-08కి 550 దాటింది. బీటీ వాళ్లు చూపించే పటం ఇదే, అది నిజమే. ఆర్థికవేత్త మతీన్ ఖాయిమ్ బృందం 2002 నుంచి 2008 వరకు ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో అవే కుటుంబాల్ని మళ్లీ మళ్లీ కలిసి, బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగాయని తేల్చింది. ఆ ఏళ్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు, పిల్లల్ని చదివించుకున్నవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు, వాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయడం అన్యాయం. మరి 2020లో కేశవ్ క్రాంతి, అమెరికా మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ రాసిన వ్యాసం ఇరవై ఏళ్ల లెక్కలు వేసి వేరే మాట చెప్పింది: ఆ పెరుగుదలలో చాలా భాగం ఎరువుల వాడకం, నీటి వసతి, కొత్త పురుగుమందుల వల్ల వచ్చింది, బీటీ వల్ల వచ్చింది కొంచెమే, ఇప్పుడు రైతు పురుగుమందుల మీద బీటీ రాకముందుకంటే ఎక్కువే ఖర్చు పెడుతున్నాడు అని. క్రాంతి నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకి డైరెక్టరుగా చేసిన మనిషి, పత్తి పురుగుల మీద జీవితమంతా పనిచేశాడు. ఈ రెండు అధ్యయనాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని నేను అనుకోను. మొదటిది మంచి ఏళ్లని కొలిచింది, రెండోది ఆ మంచి ఏళ్లు ఎలా ముగిశాయో కూడా కలిపి కొలిచింది. 2007 తరవాత విస్తీర్ణంలో బీటీ వాటా 90 శాతం దాటిపోయింది, హెక్టారు దిగుబడి మాత్రం ఆ శిఖరం నుంచి దిగి 450 కిలోల దగ్గరే ఊగిసలాడుతోంది.

ఎందుకు ముగిశాయి? గులాబీ పురుగు నేర్చేసుకుంది. 2010లో గుజరాత్‌లోని కొన్ని జిల్లాల్లో మొదటి తరం బోల్‌గార్డ్‌కి అది లొంగడం లేదని కంపెనీయే ఒప్పుకుంది. నాలుగైదేళ్లకే రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 కూడా గుజరాత్‌లో ఓడిపోయింది, 2017 నాటికి విదర్భ, తెలంగాణ చేలలో గుడ్డిపూలు (విచ్చుకోని పూలు), లోపల పుచ్చిపోయిన కాయలు మామూలైపోయాయి. అదే ఏడాది యవత్మాల్‌లో మందు కొడుతూ విషం సోకి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. పురుగు ఇలా తట్టుకోకుండా ఉండాలంటే చేను చుట్టూ కొంత నాన్-బీటీ పత్తి వేయాలి, అక్కడ బతికిన పురుగులు జన్యువుకి అలవాటు పడ్డ పురుగులతో కలిసి ఆ గుణాన్ని పలచన చేస్తాయి. ప్రతి ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్-బీటీ గింజ చిన్న పొట్లంలో ఇచ్చేవాళ్లు, చాలామంది దాన్ని వేయలేదు. రైతుని తిట్టడం సులువు, కానీ లెక్క చూడండి. రెండెకరాల కౌలు రైతు తన చేలో ఐదోవంతు పురుగుకి వదిలేస్తే నష్టం అతనొక్కడిదే, లాభం మాత్రం పదేళ్ల తరవాత ఊరందరిదీ. పక్కవాళ్లెవరూ వేయనప్పుడు అతనొక్కడు వేసి ప్రయోజనం లేదు. ఆ నష్టం భరించినందుకు ఎవరైనా అతనికి డబ్బు ఇచ్చారా? లేదు. కోట్ల రూపాయల ఫీజు వసూలైన కాలంలో అందులో పిసరంత కూడా దీనికి కేటాయించలేదు, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చైనాలో జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. యాంగ్జీ లోయలో రైతులు బీటీ, నాన్-బీటీ కలిపి చేసిన హైబ్రిడ్ల నుంచి రెండో తరం గింజ వేశారు, ఎందుకంటే అది చవక. రెండో తరంలో నాలుగో వంతు మొక్కలకి బీటీ ఉండదు. ఎవరూ చెప్పకుండానే, ఎవరికీ విడిగా ఖర్చు లేకుండానే, చేలోనే పురుగుకి నాన్-బీటీ ఆశ్రయం కలిసిపోయింది, గులాబీ పురుగులో పెరుగుతున్న నిరోధకత వెనక్కి తగ్గింది. మన హైబ్రిడ్లలో మాత్రం ఆ రెండో తరం చేలో కాకుండా కాయలోనే మొదలవుతుంది: మొదటి తరం మొక్క కాయలో కొన్ని గింజల్లో పురుగుని చంపే ఆ బీటీ విషం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. గులాబీ పురుగు కాయలో దూరి గింజలు తినే పురుగు కాబట్టి విషం లేని గింజతో బతికి, ఉన్నదాన్ని రుచి చూస్తూ తట్టుకోవడం నేర్చుకుంటుందని క్రాంతి లాంటి శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. దానికి తోడు మన పత్తి జనవరి, ఫిబ్రవరి దాకా చేలోనే ఉండి దానికి తిండి పెడుతూనే ఉంటుంది. ఫీజు వసూలు కోసం ఎంచుకున్న హైబ్రిడ్ దారే ఫీజు కట్టించుకున్న గుణాన్ని త్వరగా అరగదీసిందన్నమాట.

ఇంకో ఖర్చు ఉంది, దాన్ని రూపాయల్లో కొలవడం కష్టం. స్టోన్ వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి గమనించిందేమిటంటే రైతులు గింజ ఎంచుకోవడంలో సొంత అనుభవం వాటా తగ్గిపోయింది. ఒక ఏడాది ఊరంతా ఒకే బ్రాండు వెంట పడతారు, మరుసటి ఏడాది దాన్ని పూర్తిగా వదిలేస్తారు. మార్కెట్లో వందల బ్రాండ్లున్నప్పుడు, చాలావాటిలో అదే జన్యువు ఉన్నప్పుడు, ఏది మంచిదో పరీక్షించి చూసుకునే వీలెక్కడిది? కాబట్టి పక్క ఊళ్లో ఎక్కువ కాసిందన్న మాట, అన్నిటికంటే ఎక్కువగా దుకాణదారు మాట నడుస్తుంది. ఆ దుకాణదారు దగ్గరే ఉద్దెర, మందులు, ఎరువులు, చాలాచోట్ల పత్తి అమ్మేది కూడా అతనికే. అప్పు ఉన్నవాడు వేరే గింజ అడగలేడు.

ఈ అప్పు ముడి ఎంత గట్టిదో దక్షిణాఫ్రికాలోని మఖతీనీ మైదానాల్లో తెలిసింది. 1998 నుంచి అక్కడి చిన్న రైతులు బీటీ పత్తి వేశారు, నాలుగేళ్లలో దాదాపు అందరూ దానికి మారారు, ఆఫ్రికాకి ఇదే దారి అని ప్రపంచమంతా ప్రచారం జరిగింది. అక్కడ గింజలు, అప్పు ఇచ్చేదీ, పత్తి కొనేదీ వునీసా అనే ఒకే కంపెనీ. పక్కనే ఇంకో జిన్నింగ్ మిల్లు రాగానే కొందరు పత్తి అక్కడ అమ్మేసి వునీసా అప్పు ఎగ్గొట్టారు, దాంతో మరుసటి ఏడాది అప్పులు ఆగిపోయాయి. అప్పు ఆగాక పత్తి సాగు కుప్పకూలింది. జన్యువు పనిచేస్తూనే ఉంది, దాన్ని కొనడానికి చేతిలో డబ్బే లేదు. బుర్కినాఫాసోలో మరో రకం. 2008 నుంచి బీటీ వేసి రైతులు సంతోషంగానే ఉన్నారు, మందు కొట్టడం బాగా తగ్గింది. కానీ స్థానిక రకాల్లోకి జన్యువును ఎక్కించే క్రమంలో పోగు పొడవు తగ్గింది, అంతర్జాతీయ మార్కెట్లో వాళ్ల దూదికున్న మంచి పేరు, దాంతో పాటు ధర పడిపోయాయి. చివరికి 2016 నాటికి పత్తి కంపెనీలే దాన్ని పూర్తిగా మానిపించాయి. రైతు లెక్కలో లాభం, మిల్లు లెక్కలో నష్టం, గెలిచింది మిల్లు.

పక్కనే బంగ్లాదేశ్ చూడండి. 2013 అక్టోబరులో బీటీ వంకాయకి అనుమతి ఇచ్చింది. జన్యువు మహికోదే, కానీ రకాలు చేసింది ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ, అవి సాధారణ రకాలు, రైతు గింజ దాచుకోవచ్చు, ఫీజు లేదు. కాయ తొలుచు పురుగుకి వంకాయ మీద ఎన్నిసార్లు మందు కొడతారో కూరగాయలు పండించేవాళ్లకి తెలుసు. 2017-18లో పన్నెండు వందల మంది రైతుల్ని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా చేసి పోల్చినప్పుడు బీటీ వాళ్లకి మందుల ఖర్చు సగం దాకా తగ్గింది, అమ్ముకోగలిగే కాయ దాదాపు సగం పెరిగింది. అదే వంకాయ మన దగ్గర 2010 ఫిబ్రవరిలో ఆగిపోయింది, హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టాక అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) ప్రకటించారు. అప్పుడు రైతులు, శాస్త్రవేత్తలు లేవనెత్తిన భద్రత ప్రశ్నలకి విలువుంది. కానీ గింజ ఎవరి చేతిలో ఉంటుంది, దాచుకోవచ్చా అన్న ప్రశ్నకి బంగ్లాదేశ్ చూపించిన జవాబు మీద ఇక్కడ పెద్దగా చర్చే జరగలేదు.

దిగుబడి పెరిగినా లాభం రైతు దగ్గరే ఆగుతుందన్న హామీ కూడా లేదు. మొదట్లో వేసినవాడికి పాత ధరకే ఎక్కువ పత్తి, అందరూ వేశాక సరుకు పెరిగి ధర వంగుతుంది, ఆ తేడా మిల్లులకీ బట్టలు కొనేవాళ్లకీ వెళ్తుంది. 2025 ఆగస్టులో పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఏడాది చివరిదాకా ఎత్తేశారు, సరిగ్గా మన కొత్త పంట మార్కెట్‌కి వచ్చే కాలం అది. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకి 8,110 ఉన్నా, ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కేంద్రంలో తేమ శాతం దగ్గర ఆగిపోయిన బండ్లు ఎన్నో.

ఇప్పుడు పల్లెల్లో నడుస్తున్నది బీజీ-3 అని పిలిచే దొంగ గింజ. కలుపు మందు గ్లైఫోసేట్ కొట్టినా పత్తి చావదు, గడ్డి మాత్రమే చస్తుంది. దీనికి దేశంలో అనుమతి లేదు, 2016లో కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది, అయినా తెలంగాణ, ఆంధ్ర, మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఇది విరివిగా దొరుకుతోంది. తెలంగాణ ప్రభుత్వం అమ్మేవాళ్ల మీద పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టింది. అయినా ఆగడం లేదంటే దాని వెనక గట్టి లెక్క ఉంది: కలుపు కూలి దొరకడం లేదు, దొరికినా ఒకేసారి అందరి చేలకీ కావాలి. బీటీ వల్ల పత్తి ఎక్కువ వచ్చిన రోజుల్లో ఏరే ఆడవాళ్లకి పని పెరిగింది, ఈ గింజ అదే ఆడవాళ్ల కలుపు పనిని తీసేస్తుంది. చేను ఉన్నవాళ్లకి మిగిలే డబ్బు, చేను లేనివాళ్ల ఇంట్లో తగ్గే డబ్బు ఒకటే, ఊరి మొత్తం లాభం అని చెప్పేటప్పుడు దీన్ని మరిచిపోకూడదు.

దొంగ గింజకి బిల్లు ఉండదు, పంట పోతే అడగడానికి మనిషి ఉండడు. అసలు గింజకైనా అడగడం అంత సులువేం కాదు. మనకింకా 1966 నాటి విత్తన చట్టమే దిక్కు, నాసిరకం గింజ అమ్మితే అందులో శిక్షలున్నాయి కానీ రైతుకి పరిహారం ఇప్పించే ఏర్పాటు లేదు, 2004 నుంచి కొత్త బిల్లులు వస్తూ పోతూ ఉన్నాయి. 2012లో ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే సుప్రీంకోర్టు ఒక దారి తెరిచింది: విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు, గింజలన్నీ చేలో వేసేశాక ల్యాబ్ పరీక్షకి నమూనా తెమ్మని అతన్ని అడగడం కుదరదు అని చెప్పింది. అందుకని ఈ జూన్‌లో గింజ కొనేవాళ్లు లాట్ నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకోండి, ఉద్దెర మీద కొన్నా సరే. ఖాళీ ప్యాకెట్టు పారేయకండి, వీలైతే పిడికెడు గింజ అందులోనే ఉంచండి. మొలక రాకపోయినా, కాయ పట్టకపోయినా చేను దున్నేయకముందే మండల వ్యవసాయ అధికారికి కాగితం రాసిచ్చి, చేను చూసి రిపోర్టు రాయమని అడగండి, మీరిచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి.